ఎముక తండ్రిది, కండ తల్లిది

మా జేజి, అంటే మా నాయనను కన్నతల్లి, పిల్లల పోలిక చూడాలంటే ముఖం చూసేది కాదు. నోరు తెరవమనేది. సంతలో బేరగాడు కోడెదూడ పెదవి ఎత్తి చూస్తాడే, అలాగే బొటనవేలు లోపలికి దూర్చి పళ్ళు చూసేది. పళ్ళ మీద గోధుమరంగు గార చారలు కనిపిస్తే మా ఇంటి బిడ్డ. కనిపించకపోతే ఎవరి బిడ్డో దేవుడికే తెలియాలి.

రాచర్ల నుంచి ఆటోలో పోవాల్సిన ఊరు మాది. మా ఇంట్లో జేజికి, నాయనకు, బాబాయికి, నాకు అవే పళ్ళు. వేపపుల్లతో తోమినా పోవు, బొగ్గుపొడితో తోమినా పోవు. ఇంకొకరైతే సిగ్గుపడి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. మా జేజి పెళ్ళిళ్ళలో అందరికంటే పెద్దగా నోరు తెరిచి నవ్వేది. “ఇయ్యి ఇనప పండ్లు. మా మామకు ఇట్లనే ఉండె, మా ఆయనకు ఇట్లనే ఉండె” అనేది. మరి కోడలిగా వచ్చినదానివి, నీకెలా వచ్చాయి జేజీ ఆ వంశం పళ్ళు అని ఒకసారి అడిగితే నా వీపు విమానం మోత మోగింది. పక్కవీధి వాళ్ళకీ అవే పళ్ళు. వాళ్ళనడిగితే వాళ్ళదీ వంశమే. నీళ్ళ జబ్బు అనే మాట మేం వినకపోలేదు. అది కనిగిరి వైపు వాళ్ళ బాధ అనుకున్నాం. వాళ్ళది జబ్బు, మాది వంశం. ఎంత పొగరో చూడండి.

మా అమ్మది కురిచేడు. సాగర్ కాలువ నీళ్ళు తాగి పెరిగిన మనిషి. మల్లెమొగ్గల్లాంటి పళ్ళు. నా తర్వాత తమ్ముణ్ణి కనడానికి పుట్టింటికి పోయి, అక్కడే జబ్బుపడి చాలా నెలలు మంచం దిగలేదు. తిరిగొచ్చేటప్పుడు పిల్లవాణ్ణి వాళ్ళమ్మ దగ్గరే వదిలి వచ్చింది. ముసలామె వాడికి అలవాటుపడింది, ఇంకొన్నాళ్ళు, ఇంకొన్నాళ్ళు అంటూ వాణ్ణి అక్కడే పెంచింది. మేం గిద్దలూరులో రైలెక్కి పండగకో జాతరకో పోయి చూసి వచ్చేవాళ్ళం. జేజి మాత్రం ఎప్పుడూ రాలేదు. అమ్మమ్మ కన్నుమూశాక, వాడు మూడో తరగతి దాటాక, అమ్మ వాణ్ణి ఇంటికి తీసుకొచ్చింది.

ఆరోజు అరుగు మీద జేజి, నాయన, బాబాయి కూర్చుని ఉన్నారు. తమ్ముడు కొత్త చొక్కా వేసుకుని, ఎక్కడ నిలబడాలో తెలియక అందరినీ చూసి నవ్వాడు. ఆ నవ్వే కొంప ముంచింది.

“ఇటు రారా అబ్బోడా” అని పిలిచి, జేజి వాడి నోట్లో వేలు పెట్టింది. పై వరస చూసింది, కింది వరస చూసింది. పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చిన వయసు. తళతళలాడుతున్నాయి. వేలు తీసి చీరకొంగుకు తుడుచుకుని, మా అమ్మను అడిగింది.

“ఏమ్మే, మా పండ్లు యాడ?”

అమ్మ నవ్వబోయింది. “నా పోలిక వచ్చింది అత్తా. తల్లి పోలిక కొడుకు అదృష్టవంతుడంటారు గదా.”

“మొగం పోలిక ఏరు, పంటి పోలిక ఏరు. కండ తల్లిది, ఎముక తండ్రిది. పన్ను ఎముక గాదా? నీ కూతురికి మా ఎముక వచ్చె. వీనికి ఎవురి ఎముక వచ్చినట్టు?”

అమ్మ ముఖంలో నెత్తురుచుక్క లేదు. నాయన వైపు చూసింది. ఒక్క మాట చాలు. ‘నోరు మూసుకోమ్మా, వాడు నా కొడుకు’ అంటే అయిపోయేది. నాయన బీడీ ఆర్పి చెవిమీద పెట్టుకున్నాడు. “గొర్లకు నీళ్ళు పెట్టాల” అని లేచి పోయాడు. గొర్లకు అంతకుముందే నేను నీళ్ళు పెట్టి వచ్చాను. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

అంతే. ఆ ఒక్క మాట కోసం మా అమ్మా, మా తమ్ముడూ బతుకంతా కాచుకు కూర్చున్నారు.

జేజి చెడ్డ తెలివైన మనిషి. కోడలు రంకుపోయిందని ఎన్నడూ అనలేదు. అంటే పంచాయితీ అవుతుంది. కూర వడ్డిస్తూ, “మా ఇంటోళ్ళు ముందు తినండి” అనేది. మేం కంచాల ముందు కూర్చునేవాళ్ళం. తమ్ముడు కూర్చోవాలా వద్దా అని గుమ్మంలో నిలబడేవాడు. “నిన్ను వద్దన్న్యానా? నిన్నేమన్నా అన్న్యానా?” అనేది. ముసలిముండ అని తిట్టబుద్ధవుతుంది. తిట్టేశాను కూడా, మీరే చూశారు.

బాబాయి వేళాకోళం మనిషి. ఒకరోజు వాణ్ణి వీధి చివర బోరింగు దగ్గరికి తీసుకుపోయి, “మా నీళ్ళు తాగురా. కడుపునిండా తాగితే మా పండ్లు అవే వస్తాయి” అన్నాడు. ఆయన ఊరికే అన్నాడు. వీడు పట్టుకున్నాడు. బడికి పోయేముందు బోరింగు, బడి నుంచి వచ్చాక బోరింగు. చెంబెత్తి గటగటా తాగడం, నా పాత పలక తీసుకుని దాని నల్లటి మెరుపులో పళ్ళు చూసుకోవడం. కడుపు ఉబ్బి వాంతి చేసుకున్న రోజులున్నాయి. అమ్మ కొట్టింది, ఏడ్చింది, నీళ్ళు తాగే పిల్లవాణ్ణి ఎందుకు కొడుతున్నావని పక్కింటివాళ్ళు అడిగితే లోపలికి పోయింది.

నీళ్ళతో పని కావడం లేదని వాడు చింతపండు రుద్దాడు. తమలపాకులో వేసుకునే కాచు నమిలాడు. చివరికి జేజి పొగాకు పొడి దొంగిలించి తోముకుని తలతిరిగి పడ్డాడు. జేజి వాడి నోరు చూసి పడీపడీ నవ్వింది. “పులిని చూసి నక్క వాత పెట్టుకున్న్యట్లుంది” అంది. బాబాయి కూడా నవ్వాడు. నాయన అక్కడే ఉన్నాడు. నవ్వలేదు, అది నిజమే. కానీ నవ్వకపోవడం ఒక గొప్పా?

మర్నాడు నోరు కడిగితే పళ్ళు మళ్ళీ తెల్లగానే ఉన్నాయి.

పెరిగేకొద్దీ వాడు అచ్చం నాయనే. ఆ నడక, చెప్పు ఈడ్చడం, తుమ్మే ముందు ఆకాశంలోకి చూడడం, అన్నీ. గొంతు మారాక చీకట్లో పిలిస్తే నాయనే అనుకుని కుక్క లేచి వచ్చేది. కుక్కకు తెలిసింది మా ఇంట్లో మనుషులకు తెలియలేదు. “ఒకచోట ఉంటే నడక రాదా, చిలక్కు మాటలు రాలా?” అని జేజి కొట్టిపారేసేది. ఆమెకు కావలసింది ఎముక.

నన్ను మార్కాపురం ఇచ్చారు. తమ్ముడు సేద్యంలో దిగాడు. సంబంధాలు రాకపోలేదు. వచ్చినవాళ్ళు కాఫీ తాగి, పొలం చూసి, బాగుందనుకుంటూ ఊళ్ళో టీ దుకాణం దగ్గర ఆగేవాళ్ళు. పిల్లనిచ్చేవాళ్ళు వాకబు చేయకుండా ఉంటారా? అక్కడ ఎవరో ఒకరు, “పిల్లోడు మంచోడే. ఆ ఇంటి పండ్లు రాలేదు గానీ, మంచోడే” అనేవారు. వాళ్ళు మళ్ళీ వచ్చేవాళ్ళు కాదు. ఒకామె నాకు ఫోన్ చేసి మరీ చెప్పింది, “పిల్లోడి మీద మాకేం లేదమ్మా, రేపు మా మనవళ్ళను ఎవరి మనవళ్ళని చెప్పుకోవాల?” అని. నాకు తెలిసిన బూతులన్నీ ఆమె మీద ఖర్చు చేశాను. లాభమేముంది? వాడు ఒంటరిగానే మిగిలిపోయాడు.

జేజి నూరేళ్ళు బతుకుతుందేమో అనుకున్నాం గానీ పోయింది. పోతే పీడ వదిలిందనుకున్నాను. ఆమె పోయినా ఆమె మాట పోలేదు. పునాదిలో రాయిలాగా ఇంట్లోనే ఉంది.

ఊళ్ళోకి ప్లాంటు నీళ్ళొచ్చాయి. అందరూ క్యాన్లు కొనుక్కోవడం మొదలుపెట్టారు. మా నాయన అందరికంటే ముందు మొదలుపెట్టాడు. బోరింగు నీళ్ళు తనకు పడడం లేదన్నాడు. తమ్ముడు రోజూ పొద్దున్నే మోపెడ్ మీద పోయి ఆయనకు క్యాను తెచ్చేవాడు. తాను మాత్రం బోరింగు నీళ్ళే. “నువ్వూ ఇవే తాగొచ్చు గదరా” అంటే, “నాకు అయ్యే అలవాటు అక్కా. మనింటి నీళ్ళు అయ్యే గదా” అనేవాడు. అప్పటికే వాడికి మెడ పూర్తిగా తిరిగేది కాదు. పక్కకు చూడాలంటే మనిషంతా తిరిగేవాడు. నడుము ముందుకు వంగుతూ వచ్చింది. సేద్యం పని కదా, బరువులు మోశాడు కదా అనుకున్నాం. పెళ్ళీడు దాటి పదేళ్ళయిందో లేదో, వెనకనుంచి చూస్తే ముసలివాడు.

అమ్మకు గుండెజబ్బు చేసింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. పొద్దున పూట, ఎండ గడపలోకి వచ్చే వేళ, అమ్మ నాయనను దగ్గరికి పిలిచింది. నేను కాళ్ళు పడుతున్నాను. తమ్ముడు గుమ్మంలో ఉన్నాడు.

“నీ కాళ్ళు మొక్కుతా. పిల్లోడు నీవాడేనని ఒక్కసారి నా ఎదురుగా అను. నేను ఇనిపోతా” అంది.

నాయన దుప్పటి సర్దాడు. “ఇప్పుడెందుకు అయ్యన్నీ. మాట్లాడొద్దు, ఆయాసం వస్తాది. పడుకో” అన్నాడు.

అమ్మ గోడవైపు తిరిగింది. మళ్ళీ ఇటు తిరగలేదు. ఆ సాయంత్రమే పోయింది.

నేనప్పుడు కూడా నాయననేమీ అనలేదు. పాపం, ఆయన మనసులో నిజంగానే అనుమానం పురుగు దూరిందేమో, తెలియక నలిగిపోతున్నాడేమో అనుకున్నాను. అనుమానమున్న మొగుణ్ణి తిట్టొచ్చు గానీ, వాడి బాధ కూడా బాధే కదా. ఇలా మంచిగా ఆలోచించినందుకు నన్ను చెప్పుతో కొట్టాలి.

మరుసటేడు జొన్నరొట్టె తింటుంటే నా పన్ను విరిగింది. మార్కాపురంలో ఒక పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి పోయాను. నోరు చూడగానే, “చిన్నప్పుడు ఏ ఊళ్ళో పెరిగారమ్మా?” అని అడిగింది.

“ఈ చారలు చూసి అడుగుతున్నావా? మా వంశమే అంత తల్లీ” అన్నాను, మా జేజి పూనినట్టు.

ఆ పిల్ల నవ్వింది. “వంశం కాదమ్మా, నీళ్ళు. పన్ను చిగురులోపల తయారయ్యే వయసులో ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళు తాగితే ఇలా అవుతుంది. ఏడెనిమిదేళ్ళు దాటాక తాగితే పళ్ళకేం కాదు, ఎముకలకు పడుతుంది. మెడ బిగుసుకుపోతుంది, నడుం వంగిపోతుంది.”

నోట్లో దూదితో అలాగే కూర్చుండిపోయాను. నా పిల్లల పళ్ళు తెల్లగా ఉంటే వాళ్ళ నాయన పోలిక అనుకున్నాను. ఇన్నేళ్ళూ మార్కాపురంలో ఉండి, రోజూ పేపరు చదివి కూడా. మా జేజి పెట్టిన ముడి అంత గట్టిది. మా అమ్మ నిప్పులాంటి మనిషి. తమ్ముడి పళ్ళు కురిచేడు కాలువ పెట్టిన పళ్ళు. వాడి నడుము మా ఊరి బోరింగు వంచిన నడుము. ఆసుపత్రి బయట నిలబడి మా అమ్మను తలుచుకుని ఏడ్చాను, మనుషులు చూస్తున్నా ఏడ్చాను.

పన్ను సంగతి మళ్ళీ చూసుకుందామని అటునుంచే బస్సెక్కాను. ఇంటికి పోయేసరికి మధ్యాహ్నం. నాయన వసారాలో మంచం మీద ఉన్నాడు. జారిపడి తుంటి విరిగినప్పటి నుంచి ఆయనకు మంచమే లోకం. తమ్ముడే ఎత్తి కూర్చోబెట్టాలి, తమ్ముడే కడగాలి. వాడు నీళ్ళకు పోయాడన్నాడు నాయన. నేను కూర్చోకుండానే డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పేశాను. ఆయన గుండెమీద బరువు దించుతున్నాననుకున్నాను.

నాయన విన్నాడు. “ఆ సంగతి నాకు తెల్సు పాపా” అన్నాడు.

“తెలుసా? ఎప్పట్నించి?”

“బోరింగుకు ఎర్రరంగు ఏసిన కాణ్ణించి. సర్కారు సార్లు నీళ్ళు సీసాలో పట్టకపొయ్యి, మళ్ళా వచ్చి తాగొద్దని రంగు పూసి, ఆడ నేనొక్కణ్ణే ఉంటే నాకే గదా చెప్పినారు. చిన్నపిల్లోళ్ళ పండ్లు గారపట్టేది ఈ నీళ్ళకేనని. పెద్దోళ్ళకు ఎముకలకు పడతాదని.”

ఆ ఎర్రరంగు నాకూ గుర్తుంది. తమ్ముడు అప్పుడు ఆరో తరగతి. సర్కారు దగ్గర రంగు మిగిలిపోయిందేమోనని ఊరంతా నవ్వుకుంది.

“మరి జేజికి చెప్పకపోతివా?”

“చెప్తే ఊరుకుంటాదా మా అమ్మ? వంశమంటా తిరిగిన మనిషి.”

“అమ్మకు?”

“మీ అమ్మ నోరు నీకు తెల్దా. ఆ మాట ఒకటి నెత్తిన ఉన్నిందాక అణిగి ఉండె.”

మంచం కోడు పట్టుకున్నాను. “నీ కళ్ళముందే వాడు చెంబులకు చెంబులు తాగినాడు గద నాయనా. వద్దని ఒక్క మాట అనలేకపోతివా?”

“అందామనే అనుకుంటి.” ఆయన ముఖంలోకి చిన్న నవ్వు వచ్చింది. ఆ నవ్వును నేను చచ్చేదాకా మర్చిపోను. “నా కొడుకనిపిచ్చుకోవాలని తాగుతుండె గదా. చూస్తాంటే బాగుండె. ఎవునికుంటాడు పాపా అట్లాంటి కొడుకు?”

తాను మాత్రం ప్లాంటు నీళ్ళు తెప్పించుకుని తాగాడు. ఆ వంగిన నడుముతోనే మోయించుకుని తాగాడు.

మోపెడ్ చప్పుడు విని బయటికి పోయాను. తమ్ముడు క్యాను దించి రొప్పుతున్నాడు. నా ముఖం చూసి, “ఏందక్కా, ఏమైంది?” అన్నాడు. దాచాలని నాకు అనిపించలేదు. ఆ ఇంట్లో దాచింది చాలు. నువ్వు ఆయన కొడుకువేనని ఆయనకు తెలుసురా అని మొదలుపెట్టాను. వాడి ముఖం విప్పారింది. నిజం, పండగకు కొత్తచొక్కా చూపిస్తే పిల్లవాడి ముఖం ఎలా ఉంటుందో అలా అయింది. “నాయన అన్నాడా? ఆయన నోటితోనే అన్నాడా?” అని రెండుసార్లు అడిగాడు. మిగిలింది చెప్పడానికి నాకు నోరు రాలేదు. అయినా చెప్పాను.

వాడు క్యాను మీద చెయ్యి పెట్టుకుని మొత్తం విన్నాడు. పళ్ళ గురించి అడగలేదు, నడుము గురించి అడగలేదు. “అమ్మ అడిగినరోజు కూడా తెలుసా?” అన్నాడు.

“తెలుసు.”

వాడు క్యాను ఎత్తుకుని లోపలికి పోయాడు. అరుస్తాడనుకున్నాను, కొడతాడనుకున్నాను, కనీసం క్యాను నేలకేసి కొడతాడనుకున్నాను. గ్లాసులో నీళ్ళు వంచి, నాయన తల కింద చెయ్యి పెట్టి లేపి, “ఇంద పెద్దాయనా, తాగు” అన్నాడు.

నాయన గ్లాసు అందుకోబోయి ఆగాడు. మా వైపు దారినపోయే ముసలివాణ్ణి అలా పిలుస్తాం. బస్సులో సీటిచ్చేటప్పుడు పిలుస్తాం. వాడు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి, ఎన్ని మాటలు పడ్డా, ఆ మనిషిని నాయనా అని తప్ప పిలవలేదు.

ఆరోజు నుంచి అదే పిలుపు. సేవలో మాత్రం వెంట్రుకవాసి తేడా రానివ్వలేదు. కడిగాడు, తినిపించాడు, పక్క మార్చాడు. మందు వేసుకో పెద్దాయనా. పక్కకు తిరుగు పెద్దాయనా. ఊళ్ళోవాళ్ళు చూసి, “ఎంత సేవ చేస్తాండాడు, ఎవురి బిడ్డో గానీ” అన్నారు. నాయన మంచంలోంచి, “నా కొడుకే! నా కొడుకే వాడు!” అని గొంతు చించుకుని అరిచాడు. వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు, పాలవాడికి చెప్పాడు, ఎవరూ లేనప్పుడు గోడకు చెప్పాడు. మతి చలించిందని జనం జాలిపడ్డారు.

చివరి రోజుల్లో నన్ను పిలిపించాడు. నా చెయ్యి పట్టుకుని, “వానితో ఒక్కసారి నాయనా అనిపియ్యి పాపా. ఇని పోతా” అన్నాడు. నాకు జాలి కలగలేదు. అయినా దొడ్లోకి పోయి తమ్ముడికి ఆ మాట చెప్పాను.

వాడు చేతులు కడుక్కుని వచ్చాడు. వంగిన నడుమును ఇంకాస్త వంచి, నాయన చెవి దగ్గరికి ముఖం తెచ్చాడు. నాయన కళ్ళు మూసుకుని కాచుకున్నాడు.

“ఆయాసపడొద్దు పెద్దాయనా, పడుకో” అన్నాడు తమ్ముడు. దుప్పటి సర్ది బయటికి పోయాడు.